కాన్పు తర్వాత బ్లీడింగ్: ఏది మామూలు, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి

ఈ రోజు కాన్పు తర్వాత అయ్యే బ్లీడింగ్ గురించి మాట్లాడుకుందాం. ఆడవాళ్ళ విషయం కదా అని మగపిల్లలు స్కిప్ చేయకండి. మా ఇంట్లో నా ప్రాణం మీదికొచ్చిన సంగతి మొదట పసిగట్టింది మా తమ్ముడే. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్ళు.

నేను నర్సుని. కాన్పుల వార్డులో ఆరేళ్ళు పనిచేశాక నాకు మొదటి కాన్పు అయింది. నార్మల్ డెలివరీ, పాప. మూడో రోజు డిశ్చార్జ్ చేశారు, పుట్టింటికి వచ్చాను. పదకొండో రోజు పురుడు చేశారు. అప్పటికి బ్లీడింగ్ బాగా తగ్గి గోధుమ రంగులోకి వచ్చేసింది. పన్నెండో రోజు పొద్దున్నే మళ్ళీ ఎర్రగా మొదలైంది. అమ్మమ్మతో చెప్తే, "మంచిదేలేవే, చెడు రక్తం పోతోంది, లోపల నిలవుంటేనే ప్రమాదం" అంది. అమ్మ కూడా అదే మాట. మరి నేను నర్సుని కదా, నేనేం చేశాను? నేనూ ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే ముందు అసలు ఈ రక్తం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి.

కడుపులో బిడ్డకి తిండి, గాలి అందించేది మాయ. అది గర్భసంచి గోడకి అతుక్కుని ఉంటుంది. బిడ్డ పుట్టాక మాయ ఊడి బయటికి వచ్చేస్తుంది. అది ఊడిన చోట లోపల ఇంచుమించు అరచెయ్యంత పచ్చి పుండు మిగులుతుంది. పైకి కనపడదు కాబట్టి ఎవరూ దాన్ని గాయం అనుకోరు. మోకాలి మీద అరచెయ్యంత తోలు లేచిపోతే ఎన్ని రోజులు జాగ్రత్తగా ఉంటాం? ఇదీ అంతే. ఆ పుండు నుంచి వచ్చే రక్తం, గర్భసంచి లోపలి పొర, కాస్త జిగురు, ఇవన్నీ కలిసి కొన్ని వారాల పాటు బయటికి వస్తాయి. దీన్ని డాక్టర్లు లోకియా అంటారు. అంటే ఇందులో 'చెడు రక్తం' అంటూ వేరే ఏమీ లేదండి. మీ ఒంట్లో తిరిగే రక్తమే అది.

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి సుమారు అర లీటరు రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడగానే అన్ని రక్తనాళాల మూతులూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మరి రక్తం ఎలా ఆగుతుంది? గర్భసంచి కండ పిడికిలిలా బిగుసుకుని ఆ నాళాలని నొక్కేస్తుంది. అది గట్టిపడితే రక్తం ఆగినట్టు, మెత్తగా ఉండిపోతే పోతూనే ఉంటుంది. బిడ్డ పుట్టగానే తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చేది ఈ బిగుతు కోసమే. తర్వాత నర్సు వచ్చి పొట్ట నొక్కి చూస్తుంది. ప్రాణం పోయేలా నొప్పి పుడుతుంది, తెలుసు. నేను చాలామంది చేత తిట్లు తిన్నాను. నా వంతు వచ్చినప్పుడు నేనూ తిట్టాను. కానీ ఆ నొక్కడం గర్భసంచి బంతిలా గట్టిగా ఉందా లేదా చూడ్డానికే. రెండు మూడు గంటలకోసారి యూరిన్‌కి వెళ్ళమని వెంటపడేది కూడా ఇందుకే. మూత్రం సంచి నిండితే గర్భసంచిని పక్కకి తోసేస్తుంది, అప్పుడది సరిగ్గా బిగుసుకోలేదు.

సరే, మామూలుగా ఎలా ఉంటుందంటే, మొదటి మూడు నాలుగు రోజులు బ్లీడింగ్ ఎర్రగా, ఎక్కువ పీరియడ్ లాగా ఉంటుంది. చిన్న చిన్న గడ్డలు పడొచ్చు. రాత్రంతా పడుకుని పొద్దున లేచి నిలబడగానే ఒక్కసారి బొళుక్కున వచ్చి భయపెడుతుంది. పడుకున్నప్పుడు లోపల నిలిచిన రక్తం నిలబడగానే కిందికి వస్తుంది, అంతే. ఆ తర్వాత తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. నాలుగైదు రోజుల నుంచి రంగు మారుతుంది, గులాబీ, తర్వాత గోధుమ రంగు. పది రోజులు దాటాక పసుపు, తెలుపు కలిసినట్టు కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు. కొందరికి ఇంకొంచెం ఎక్కువ రోజులు మరకలా కనిపిస్తుంది. వాసన పీరియడ్స్‌లో వచ్చే వాసనలాగే ఉంటుంది.

ఒకటి గుర్తు పెట్టుకోండి. తేదీల కంటే దారి ముఖ్యం. రోజులు గడిచేకొద్దీ రంగు పలచబడాలి, లెక్క తగ్గాలి. ఒకరికి ఇరవై రోజుల్లో ఆగిపోతుంది, ఇంకొకరికి నలభై. దాంతో ఇబ్బంది లేదు. వెనక్కి తిరిగి ఎక్కువవుతుంటే మాత్రం ఆలోచించాలి.

సిజేరియన్ అయినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "అక్కా, ఆపరేషన్‌లో అంతా క్లీన్ చేసేశారు కదా, నాకెందుకు బ్లీడింగ్ అవుతోంది?" అని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో వంద కాన్పుల్లో 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే. కాబట్టి వీడియో చూస్తున్నవాళ్ళలో సగం మందికి ఇది సంబంధించిన విషయమే. బిడ్డ ఏ దారిన వచ్చినా మాయ ఊడిన పుండు లోపల ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ అయినా బ్లీడింగ్ అవుతుంది, కొంచెం తక్కువగా. ఆపరేషన్ అయింది కదా అని ప్యాడ్ గమనించడం మానేయొద్దు.

ఇప్పుడు నేను ఎందుకు ఊరుకున్నానో చెప్తాను. ఆ పుండు మీద పొక్కు కట్టి, వారం నుంచి రెండు వారాల మధ్యలో అది రాలుతుంది. అప్పుడు కొందరికి ఒకటి రెండు గంటలు మళ్ళీ ఎర్రగా కనిపించి తగ్గిపోతుంది. మామూలే. ఈ సంగతి నాకు తెలుసు. "అదే అయ్యుంటుంది" అనుకున్నాను. చూశారా, అమ్మమ్మకి చెడు రక్తం అని ఒక సమాధానం ఉంది, నాకు పొక్కు అని ఒక సమాధానం ఉంది. ఇద్దరం ప్యాడ్లు లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నానికి తగ్గలేదు. సాయంత్రానికి గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చింది. పాపకి పాలివ్వడం, ఇంటికొచ్చిన చుట్టాలు, ఈ గోలలో అది నాకు లెక్కకే రాలేదు. రాత్రి తొమ్మిదింటికి తమ్ముణ్ణి పిలిచి మెడికల్ షాప్‌కి వెళ్ళి ప్యాడ్లు తెమ్మన్నాను. వాడు గుమ్మంలో నిలబడి, "అక్కా, నిన్న రాత్రే కదా పెద్ద ప్యాకెట్ తెచ్చాను, అయిపోయిందా?" అన్నాడు. నాకు వెన్నులో చలి పుట్టింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. బాత్రూమ్‌లోకి వెళ్తే నిమ్మకాయ కంటే పెద్ద గడ్డ పడింది. వాడే 108కి ఫోన్ చేశాడు. స్కానింగ్‌లో చిన్న మాయ ముక్క లోపల మిగిలిపోయిందని తేలింది. ముక్క అడ్డం ఉంటే గర్భసంచి పూర్తిగా బిగుసుకోలేదు, అందుకే ఆ రక్తం. లోపల శుభ్రం చేశారు, రక్తం ఎక్కించారు. కాన్పప్పుడు 11 ఉన్న హిమోగ్లోబిన్ 7కి వచ్చేసింది.

కాన్పు తర్వాత ఒక్కరోజు దాటితే గండం గడిచినట్టే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ రక్తస్రావం మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత కూడా, ఆరు వారాలు, అరుదుగా పన్నెండు వారాల దాకా అవ్వొచ్చు. మాయ ముక్క మిగలడం, ఇన్ఫెక్షన్, ఈ రెండే ఎక్కువగా కారణాలు.

అందుకని గుర్తులు చెప్తాను, కావాలంటే వీడియో ఆపి ఫోన్‌లో రాసుకోండి. పెద్ద ప్యాడ్ గంటలోపే నిండిపోవడం, అలా వరసగా రెండు గంటలు జరగడం. నిమ్మకాయంత, అంతకంటే పెద్ద గడ్డలు పడటం. తగ్గిపోయిన బ్లీడింగ్ మళ్ళీ ఎర్రగా మొదలై, విశ్రాంతి తీసుకున్నా ఆగకపోవడం. బ్లీడింగ్‌తో పాటు కళ్ళు తిరగడం, గుండె దడ, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడటం. ఇవి ఉంటే తెల్లారనిద్దాం అనుకోకండి, ఆ క్షణమే 108. ఇంకో రకం, కుళ్ళిన వాసన, పొత్తికడుపు నొప్పి, చలి, 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం. ఇది ఇన్ఫెక్షన్. పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తగ్గేది కాదు, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. బ్లీడింగ్ ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయి కడుపునొప్పి, జ్వరం వచ్చినా అంతే. అప్పుడు కూడా "హమ్మయ్య ఆగిపోయింది" అనుకోవద్దు.

పాత నూలు చీర గుడ్డలు వాడేవాళ్ళు ఉంటారు. ఉతికి ఎండలో ఆరేసినవైతే తప్పు లేదు, కానీ గుడ్డ ఎంత పీల్చిందో తెలియడం కష్టం. మొదటి పది రోజులైనా ప్యాడ్ వాడితే లెక్క తెలుస్తుంది. మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో టైమ్ రాసుకోండి. అనుమానం వస్తే ప్యాడ్, గడ్డ ఫొటో తీసి పెట్టుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. "బాగానే అవుతోందండి" అనే మాట కంటే ఆ ఫొటో డాక్టర్‌కి వందరెట్లు ఉపయోగం. నాలుగైదు గంటలకోసారి, నిండకపోయినా మార్చాలి. లోపల పెట్టుకునే ట్యాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్ మాత్రం ఆరు వారాల చెకప్ అయ్యేదాకా వద్దు.

బండి వచ్చేలోపు ఏం చేయాలని అడుగుతారు. ఆమెని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టండి. దుప్పటి కప్పండి. యూరిన్ వస్తే పోయమనండి. నార్మల్ కాన్పయిన మొదటి వారం అయితే బొడ్డు కింద గట్టిగా తగిలే చోట చేత్తో గుండ్రంగా రుద్దండి, బిడ్డకి పాలు పట్టించండి. ఇవి కొంచెం సాయం చేస్తాయేమో గానీ ఆస్పత్రికి బదులు కావు. డిశ్చార్జ్ కాగితం, బ్లడ్ గ్రూప్ కాగితం చేతిలో పెట్టుకుని బయల్దేరండి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు తోడు ఉంటే ఇంకా మంచిది.

రక్తం సంగతి వచ్చింది కాబట్టి. అదే సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా మందికి రక్తహీనత ఉంది. గర్భంలో రక్తం పెరుగుతుంది, కాబట్టి కాన్పులో పోయే మామూలు రక్తాన్ని ఒళ్ళు తట్టుకుంటుంది. కానీ ముందే తక్కువ ఉన్న అమ్మాయికి, వేరేవాళ్ళు తట్టుకునే రక్తస్రావం కూడా ప్రమాదమే. అందుకే కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకో ఐరన్ మాత్ర వేసుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, ఒంటికి పట్టదు. మోషన్ నల్లగా వస్తే భయపడొద్దు, అది ఐరన్ వల్లే.

ఇక పథ్యం. మా అమ్మమ్మ పెట్టినవన్నీ తప్పు అని నేను అనను. నూనె రాసి వేన్నీళ్ళు పోయడం, నెలరోజులు పని చేయనివ్వకపోవడం, వెల్లుల్లి, కాయం ముద్ద, ఇవి నాకు హాయిగానే ఉన్నాయి. కానీ పొట్ట వస్తుందని నీళ్ళు తాగనివ్వకపోవడం మాత్రం ఒప్పుకోకండి. పాలిచ్చే మనిషికి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్. అంతకంటే ముఖ్యం, బాలింతల్లో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా పెరుగుతుంది. పిక్కలో గానీ, మెదడు నరాల్లో గానీ గడ్డ కట్టొచ్చు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఇవి కూడా పరిగెత్తాల్సిన గుర్తులే. ఆ తలనొప్పి, చూపు మసక బీపీ పెరగడం వల్ల కూడా రావచ్చు. కాన్పులో బీపీ బాగానే ఉన్నా తర్వాత పెరిగే అవకాశం ఉంది. దీన్ని "చెవుల్లో గాలి పోయింది, దూది పెట్టుకో" అని వదిలేస్తారు. దూది పెట్టుకోండి, ఆస్పత్రికి కూడా వెళ్ళండి. వట్టి కారప్పొడి అన్నం మీద పది రోజులు ఉంచడం కూడా వద్దు. పప్పు, ఆకుకూర, గుడ్డు మొదటి రోజు నుంచే తినొచ్చు. ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం డాక్టర్ తినమన్నప్పటి నుంచి.

ఒళ్ళు ఎలా కోలుకుంటుందో కూడా చెప్పాలి కదా. కాన్పు అయిన రోజు గర్భసంచి దాదాపు కిలో బరువుండి బొడ్డు దగ్గర తగులుతుంది. రోజుకో వేలు చొప్పున కిందికి దిగుతూ పది పన్నెండు రోజులకి చేతికి అందదు. ఆరు వారాలకి వంద గ్రాముల లోపుకి వస్తుంది. పాలిచ్చేటప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది చూడండి, అది ఇలా కుంచించుకునే నొప్పే. బిడ్డ చీకితే ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి బిగుస్తుంది. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళకి ఈ నొప్పి ఇంకా ఎక్కువ. మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. పాలివ్వడం మాత్రం ఆపొద్దు. నడికట్టు కట్టుకుంటే నడుముకి ఆసరాగా ఉంటుంది, దానివల్ల గర్భసంచి తొందరగా తగ్గదు. ఊపిరాడనంత బిగించకండి. 'రక్తం పోవాలి' అని సిజేరియన్ కుట్ల మీద వేడినీళ్ళు కొట్టించడం, పొట్ట పిసికించడం అసలు వద్దు.

కింద వేసిన కుట్లు చాలావరకు కరిగిపోయేవే. బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడిగి మెత్తగా అద్దుకోండి. దగ్గినా తుమ్మినా యూరిన్ చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది, చెప్పుకోరు. యూరిన్ ఆపుకున్నట్టు లోపలికి బిగించి, ఐదు లెక్కపెట్టి వదలండి. రోజుకి మూడుసార్లు, పదేసి చొప్పున. మూడు నెలలు చేసినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. సిజేరియన్ వాళ్ళు ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తకండి. గ్యాస్ సిలిండర్, నీళ్ళ బిందె, పెద్ద పిల్లాడు, అన్నీ లెక్కే.

మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు వస్తుంది. రెండు వారాల్లో తేలికపడుతుంది. రెండు వారాలు దాటినా బిడ్డని ముట్టుకోవాలనిపించక, నిద్ర పట్టక, చచ్చిపోవాలనిపిస్తుంటే అది నఖరా కాదు, జబ్బు. టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దీని మీద వేరే ఎపిసోడ్ చేస్తాను, ఇక్కడ తొందరగా దాటేస్తున్నానని అనుకోకండి.

పీరియడ్స్ మళ్ళీ ఎప్పుడు? పాలివ్వని వాళ్ళకి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రావచ్చు, పాలిచ్చేవాళ్ళకి నెలలు పట్టొచ్చు. కానీ పీరియడ్ కంటే ముందే అండం విడుదలవుతుంది, అంటే పీరియడ్ రాకుండానే మళ్ళీ గర్భం రావచ్చు. బిడ్డకి ఆరు నెలలలోపు ఉండి, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూ, పీరియడ్ మొదలవకపోతేనే ఆ అవకాశం చాలా తక్కువ. ఈ మూడింట్లో ఒకటి తప్పినా వేరే పద్ధతి చూసుకోండి. భార్యాభర్తల కలయిక బ్లీడింగ్ ఆగి, కుట్లు మానాక, ఆమెకి ఇష్టమైనప్పుడు. నలభై రోజులు అయింది కదా అని క్యాలెండర్ చూపించే భర్తలకి ఈ వాక్యం వినిపించండి.

ఆశా అక్క కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. అందరూ బిడ్డని చూపించి, కాఫీ ఇచ్చి పంపేస్తారు. ఆమెకి మీ బ్లీడింగ్ సంగతి కూడా చెప్పండి, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడమనండి. నాకు పన్నెండో రోజు అలా అయింది. ఏడో రోజు ఆమె వచ్చి వెళ్ళింది, పద్నాలుగో రోజుకి నేను ఆస్పత్రి బెడ్ మీద ఉన్నాను. మధ్య రోజుల్లో చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే.

అందుకే తమ్ముళ్ళూ, భర్తలూ, షాప్‌కి వెళ్ళి ప్యాడ్లు తెచ్చేది మీరే కాబట్టి, ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చిందో మీకు తెలుస్తుంది. తొందరగా అయిపోతే మా వాడిలా గుమ్మంలో నిలబడి అడగండి. మా వాడికి ఆ రోజు లోకియా అన్న మాట కూడా తెలియదు. అమ్మమ్మ ఆ తర్వాత చెడు రక్తం అనడం మానేయలేదు గానీ, మా పిన్ని కూతురి కాన్పప్పుడు మాత్రం, "రోజుకి ఎన్ని ప్యాడ్లే?" అని పొద్దునా సాయంత్రం అడిగింది.

వచ్చే ఎపిసోడ్‌లో మొదటి వారం పాలు రాకపోవడం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.